పొరుగింటి తరవాణి

రెండు గుంపులూ బాగుపడ్డాయి. ప్రయోగం విఫలమైందనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు.

డాక్టర్ సౌదామిని తెరమీది గీతలను ఒకదాని తర్వాత ఒకటి వేలితో వెంబడించింది. ఎర్రగీత, ఉద్దానం పల్లెల్లో మందు కలిపిన తరవాణి, అంటే పులిసిన గంజి, పుచ్చుకున్న ఇళ్ళది. నల్లగీత, పోల్చి చూడడం కోసం ఉత్త తరవాణి ఇచ్చిన ఇళ్ళది. ఎర్రగీత పైకి లేచింది; ఆమె సగం జీవితం ఎదురుచూసింది దానికోసమే. కాని నల్లగీత కూడా, ఆలస్యంగా బయలుదేరిన చెల్లెలిలా, దాని వెనకాలే నడిచి అదే ఎత్తుకు చేరింది.

"మందుకీ మందు కానిదానికీ తేడా లేదని లెక్క తేలింది మేడమ్," అన్నాడు గణాంకాలు చూసే రూబెన్. "సాయంత్రం కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తారు. ఏం చెప్పమంటారు?"

"మూత్రపిండాలు పాడైనవాళ్ళు ఉత్త తరవాణి తాగి రక్తంలో బైకార్బనేట్ పెంచుకున్నారంటే నువ్వు నమ్ముతావా?"

"నా నమ్మకంతో పనేముంది మేడమ్, లెక్క..."

"లెక్కను అడగలేదు రూబెన్. నిన్ను అడిగాను."

"నమ్మను మేడమ్."

సౌదామిని లేచి శీతలపెట్టె తెరిచింది. నల్లగీత ఇళ్ళనుంచి వచ్చిన మలం నమూనా ఒకటి తీసి, గాజుగొట్టంలో పోషకద్రవంతో కలిపి, ఒంటి వేడికి తెచ్చింది. పులుపును పసిగట్టే రంగు కలిపి, పైనుంచి ఆమ్లం చుక్కలు వేసింది. గొట్టం ఎర్రబడింది. ఇద్దరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. రూబెన్ తెచ్చుకున్న టీ చల్లారేసరికి గొట్టం అడుగున నీలం పొటమరించింది. అది ఎరుపును తోసుకుంటూ, తొందర లేకుండా, మూతిదాకా వచ్చింది.

"క్షారిణి!" అన్నాడు రూబెన్. "ఈ ఇంటికి మనం ఇవ్వలేదే!"

మనిషి తిన్న ప్రతి ముద్దా రక్తంలో కొంత ఆమ్లాన్ని వదులుతుంది. దాన్ని బైకార్బనేట్ పట్టుకుని, నీరుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మార్చి, ఊపిరి వెంట సాగనంపుతుంది. ఖర్చయిపోయిన బైకార్బనేట్‌ను మూత్రపిండాలు తిరిగి తయారుచేస్తాయి. అవి పాడైతే రక్తం పులుస్తుంది. ఆ పులుపును చల్లార్చడానికి శరీరం తన ఎముకలనూ కండలనూ తానే కరిగించుకుంటుంది. సోడా మాత్రలు ఇవ్వవచ్చు గాని, వాటితో వచ్చే సోడియం కాళ్ళ వాపులనూ రక్తపోటునూ తెచ్చిపెడుతుంది. సౌదామిని తయారుచేసిన క్షారిణి, పులిసిన గంజిలో నిద్రపోయే సూక్ష్మజీవి. పేగుల వెచ్చదనంలో మేలుకొని, ఒంటికి కరువైన బైకార్బనేట్‌ను పేగుగోడ గుండా అందిస్తుంది. మిగులును మూత్రం వెంట వదిలేసే పాటి సత్తువ, సగం చెడిన మూత్రపిండాలకు సైతం ఉంటుంది. మందుల దుకాణం లేని పల్లెలో కూడా తరవాణి కుండ ఉంటుంది కాబట్టి, ఆమె దాన్ని కుండలోనే పెట్టింది.

ఏ ఇంటి కుండ ఆ ఇంటిదే అనుకోవడం ఆమె ప్రయోగశాల చేసిన తప్పు.

*

నువ్వులవలసలో జీప్ దిగగానే జీడిపిక్కలు కాలుతున్న వాసన ఆమె గొంతు పట్టుకుంది. పాకలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, జీడిరసం చేతులు కాల్చకుండా బూడిద అద్దుకుంటూ పిక్కలు కొడుతున్నారు.

"ఓలమ్మో, విశాపట్నం డాక్టరమ్మ వొచ్చినాది!" అని కేక వేసింది సుందరమ్మ అనే నడివయసు మనిషి. "ఒలే ఢిల్లేశ్వరీ, నీ మొగుడు సెట్టెక్కినాడని సెప్పీయే!"

"సెప్పడమేటి, ఆకాశంలో కనబడతన్నాడు గదా," అంది ఢిల్లేశ్వరి, బూడిద చెయ్యి పైకెత్తి చూపిస్తూ. పాక వెనక కొబ్బరిచెట్టు మొవ్వులో ఆమె భర్త తులసయ్య కాయలు దింపుతున్నాడు. నిరుడు ఇదే మనిషిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి పరీక్షకు రక్తం ఇప్పించారు. "దిగరా మగడా అంటే దిగడమ్మా. మంచమ్మీద పడుకున్నన్నాళ్ళూ పోగేసిన సరదా మొత్తం ఇప్పుడు తీర్సుకుంతన్నాడు."

అందరూ నవ్వారు. సౌదామిని కూడా నవ్వి, పీట వాల్చుకుని, ఢిల్లేశ్వరి ఎదురుగా కూర్చుంది.

"మీ కుండలోది ఎవరికైనా ఇచ్చావా?"

"అడిగినోలందరికీ ఇచ్చినాను."

"ఇవ్వకూడదని సంతకం పెట్టావు కదమ్మా."

"మందు ఇవ్వొద్దన్నారు. ఇంటికి తరవాణి అడగడానికి వొచ్చినోలిని నేదని ఎలగ పంపుతామమ్మా? ఆల కుండ సెడిపోతే మన కుండలోది ఓ సెంబుడు పోస్తాం, మనది సెడిపోతే ఆలు పోస్తారు. మా అమ్మమ్మ కాలం నుంచీ ఊరంతటికీ ఒకటే తరవాణి."

సుందరమ్మ ఊరుకోలేదు. "మా ఇంటికి ఉత్తుత్తి కుండిచ్చినారు మీరు. దాని మొగుడు లేచి నడుత్తన్నాడు, నా మొగుడు మూలుగుతన్నాడు. నానేటి గుడ్డిదాన్నా డాక్టరమ్మా? వొచ్చి సెంబు పెట్టినాను, అది పోసినాది. తప్పా?"

"తప్పు కాదు," అంది సౌదామిని. ఆమె మనసు తేలికపడింది. మందు పనిచేసింది. పనిచేసిందని కనిపెట్టడంలో తన ప్రయోగశాల కంటే ఈ పాకే ముందుంది.

"మా అమ్మకైతే రెండు పూటలా నానే పోస్తన్నాను," అంది ఢిల్లేశ్వరి, మరో పిక్క బండమీద పెట్టి. "మీ వోలు దాని పేరు కొట్టీసినారు. ఊరందరికీ పనికొచ్చింది మా అమ్మకి పనికిరాదేటి? ఏడ్సినాది పాపం. మూడ్రోజుల్నుంచీ సేతులు కొంకర్లు పోతన్నాయంతంది. ముసిలితనం గదా."

సౌదామిని లేచిన వేగానికి పీట తిరగబడింది.

"ఆమె ఏ మాత్రలు మింగుతుంది?"

"కాళ్ళు పొంగినాయని నీరు తీసే బిళ్ళలు..."

"పద. ఇల్లు చూపించు. పద!"

బోడెమ్మ నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఆమె చేతులు మణికట్టు దగ్గర వంగిపోయి, వేళ్ళు తామరమొగ్గల్లా కూడుకుని బిగుసుకున్నాయి. ఊపిరి మరీ తాపీగా, ఒకటి తీసుకున్నాక ఇంకొకటి కావాలా అని ఆలోచిస్తున్నట్టు, వస్తున్నది. రక్తంలో బైకార్బనేట్ మితిమీరితే శరీరం బొగ్గుపులుసు వాయువును దాచుకోవడానికి శ్వాసను ఇలాగే తగ్గిస్తుంది. నీరు తీసే మాత్రలు ఒంట్లోని ఉప్పును తోడేస్తాయి; ఉప్పు లేని మూత్రపిండాలు మిగులు బైకార్బనేట్‌ను వదలలేవు. క్షారిణి నింపుతూనే ఉంటుంది, బయటికి పోయే దారి మూసుకునే ఉంటుంది. ఆ మాత్రలు వాడేవాళ్ళను ప్రయోగంలో చేర్చుకోనిది ఇందుకే.

జీప్ వెనకసీట్లో పడుకోబెట్టి, పరీక్షకు రక్తం తీసి, ఉప్పునీటి సీసా పెట్టారు. చెట్టు దిగి పరుగెత్తుకొచ్చిన తులసయ్య సీసాను పైకెత్తి పట్టుకున్నాడు. తల్లి పాదాలను ఢిల్లేశ్వరి ఒళ్ళో పెట్టుకుంది. నాడి పట్టుకున్న సౌదామిని వేళ్ళ కింద గుండె రెండు అడుగులు నడిచి, ఒక అడుగు తడబడుతున్నది.

"డాక్టరమ్మా," అంది బోడెమ్మ, ముడుచుకున్న పెదవుల మధ్యనుంచి. "అందరికీ ఇచ్చినారు. నన్నెందుకు వొద్దన్నారు?"

సౌదామిని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాట పూర్తి కాకముందే నాడి ఆగిపోయింది. పట్టణం ఇంకా చాలా దూరముంది. జీడితోటల మధ్య ఎండ నిలువునా కాస్తున్నది. బండి ఆపమని ఎవరూ అనలేదు.

*

"జరగకూడనిదే జరిగింది మేడమ్," అన్నాడు కిరీటి. ప్రయోగానికి పెట్టుబడి పెట్టిన కంపెనీ తరఫున వ్యవహారాలు చూసే మనిషి. మర్యాదస్తుడు, గొంతు ఎప్పుడూ పెంచడు. "కాని మనకు దారి కూడా దొరికింది. పంచుకున్న ఇళ్ళను లెక్కలోంచి తీసేద్దాం. మిగిలిన ఇళ్ళతో ప్రయోగం నెగ్గుతుంది. ఆ మరణం సంగతి ప్రయోగాల మంచిచెడ్డలు చూసే సమీక్షా సంఘానికి విడిగా చెబుదాం."

అతను ముందుకు జరిపిన నివేదికను సౌదామిని నిలబడే చదివింది. షరతులను ఉల్లంఘించి ఢిల్లేశ్వరి అనే మహిళ నిషిద్ధ జీవద్రవ్యాన్ని అపహరించి తల్లికి ఇచ్చిందనీ, తత్ఫలితంగా మరణం సంభవించిందనీ అందులో ఉంది.

"అపహరించిందా? తన ఇంట్లో కుండలోంచా?"

"మాట కటువుగా ఉందంటే మారుద్దాం. 'అనధికార వినియోగం' అందాం."

"మాట మార్చినంత మాత్రాన పోలీసులు రాకుండా ఉంటారా?"

కిరీటి తన ముందున్న కాఫీని పక్కకు జరిపాడు. "ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదా మేడమ్. లేకపోతే మందు మొత్తాన్నే నిషేధిస్తారు. ఒక్క పేరు కోసం అన్ని పల్లెలనూ వదులుకుంటారా? పైగా ఇక మీదట ఈ చిక్కు రాదు. నెల తిరిగేసరికి తనంతట తాను చచ్చిపోయే క్షారిణిని మా వాళ్ళు తయారుచేస్తున్నారు. పొట్లాల్లో వస్తుంది. ఎవరూ ఎవరికీ పోయలేరు."

"నెలకోసారి చస్తే నెలకోసారి కొనాలి."

"వ్యాపారం తప్పేమీ కాదు."

"కాదు. ఆ వ్యాపారానికి అడ్డం రాకుండా ఒక కూతురిని తల్లిని చంపినదిగా నిలబెట్టడం తప్పు." ఆమె నివేదికను తిరిగి అతని ముందు పెట్టింది. "బాధ్యత వహించాలన్నారు, ఒప్పుకుంటాను. బోడెమ్మకు పంపిన కాగితంలో 'అనర్హురాలు' అన్న ఒక్క మాట రాశాం. కారణం రాయలేదు. దాని కింద సంతకం నాది."

"ఇది బయట చెబితే మీకు ప్రయోగశాల ఉండదు."

"ఉండకపోవచ్చు."

"ఆలోచించుకోండి మేడమ్."

"అయింది. కాఫీ తాగి వెళ్ళండి కిరీటిగారూ, చల్లారిపోతోంది."

అతను వెళ్ళాక రూబెన్ తలుపు తోసుకుని వచ్చాడు. చాటునుంచి విన్నట్టు అతని ముఖమే చెబుతున్నది. దాచుకోవాలని అతను ప్రయత్నించలేదు కూడా. "ఇళ్ళను తీసేయనక్కర లేదు మేడమ్. నెలనెలా తెచ్చిన నమూనాలన్నీ మన దగ్గర ఉన్నాయి. ఏ ఇంట్లోకి క్షారిణి ఎప్పుడు చేరిందో వాటిలోనే తెలుస్తుంది. చూడండి." తెరమీద నల్లగీత విడిపోయి, పోగులు పోగులుగా, ఎన్నో గీతలైంది. ప్రతి ఇల్లూ తన కుండలోకి క్షారిణి చేరిన నెలనుంచే పైకి లేచింది. పొరుగిళ్ళతో మాటలు లేని కొద్ది ఇళ్ళు మాత్రం కిందనే మిగిలిపోయాయి. "మనం ఇచ్చిన ఇళ్ళకంటే వాళ్ళు పంచుకున్న ఇళ్ళే గట్టి సాక్ష్యం."

"మరి బోడెమ్మ?"

"ఆమె గీత కూడా గీస్తాను మేడమ్, పేరు కొట్టేయకముందు తీసిన రక్తమూ జీప్‌లో మీరు తీసినదీ ఉన్నాయి. అందరి గీతలకంటే పైకి వెళ్తుంది."

"గియ్యి. అందరికీ కనిపించేట్టు గియ్యి."

*

సమీక్షా సంఘం నువ్వులవలస బడిలోనే కూర్చుంది. అధ్యక్షురాలు కాత్యాయని, పదవీవిరమణ చేసిన న్యాయమూర్తి. చెవులు సరిగా వినపడవు గాని వినవలసినది తప్పిపోనివ్వని మనిషి. కిటికీల బయట పాకలోని ఆడవాళ్ళందరూ బూడిద చేతులతోనే నిలబడ్డారు.

కిరీటి ఢిల్లేశ్వరిని మెత్తగానే అడిగాడు. "నువ్వు పోసినదానివల్లే మీ అమ్మ చనిపోయిందని నీకు తెలుసా అమ్మా?"

కిటికీ దగ్గరనుంచి సుందరమ్మ, "ఏటడుగుతన్నావురా అయ్యా!" అని అరిచింది. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఊరుకోబెట్టింది.

"తెల్సు బాబూ," అంది ఢిల్లేశ్వరి. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నా సేత్తోనే పోసినాను. అది మీరు నాకు సెప్పక్కర్నేదు, నానే రోజూ సెప్పుకుంతన్నాను. మా అమ్మకి కాగితం వొచ్చిన్నాడు నానే సదివి ఇనిపించినాను. ఎందుకు వొద్దన్నారో అందులో నేదు. మేం కూలోలం గాబట్టి వొద్దన్నారేమో, ముసిల్ది గాబట్టి దండగనుకున్నారేమో అనుకున్నాం. ఆ బిళ్ళలికీ దీనికీ పడదని ఒక్క ముక్క రాసుంటే, కుండ దాని నోటికాడికి పోనిత్తునా బాబూ?"

కిరీటి కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షురాలు సౌదామిని వైపు తిరిగింది.

"ఆ కారణం మీకు ముందే తెలుసా డాక్టర్?"

"తెలుసు."

"ఆమెకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మాత్రలు మానేసి ప్రయోగంలో చేరాలని చూస్తారని అనుకున్నాం. లెక్కలు పాడవుతాయని అనుకున్నాం."

"ఎవరి నిర్ణయం అది?"

"నాది."

సౌదామిని గొంతు తగ్గించలేదు. "క్షారిణి పనిచేస్తుంది. మీ ముందున్న గీతల్లో ఒక్కటి తప్ప అన్నీ అదే చెబుతున్నాయి. ఆ ఒక్కటీ, అది మనిషిని చంపగలదని చెబుతున్నది. రెండూ నిజమే; ఒకదాన్ని కాపాడడానికి రెండోదాన్ని దాచమని నేను అడగను. కాని ఆ మరణానికి కారణం ఈమె ఇవ్వడం కాదు. తెలిసినవాళ్ళం చెప్పకపోవడం. అడిగినవాళ్ళకు లేదనడం ఎరగని కుండలో మందు పెట్టినవాళ్ళం, అది ఎవరికి విషమో ఊరంతటికీ చెప్పి ఉండవలసింది. నేరం రాయదలచుకుంటే నా పేరు మీద రాయండి."

తీర్పు రావడానికి కొంతకాలం పట్టింది. ఢిల్లేశ్వరి మీద ఏ నేరమూ లేదని అందులో మొదటి వాక్యంలోనే ఉంది. సౌదామిని ఇక ఏ ప్రయోగానికీ నాయకత్వం వహించకూడదని రెండో వాక్యంలో ఉంది. క్షారిణిని నిషేధించలేదు. తాగదలచిన ప్రతి మనిషికీ ముందుగా రక్తం చూడాలి, మాత్రలు అడగాలి, వద్దన్నప్పుడు ఎందుకు వద్దో ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ పని పల్లెలోని వాళ్ళే నేర్చుకుని చేయాలి. కంపెనీ పెట్టుబడిని వెనక్కి తీసుకుంది. పొట్లాల క్షారిణి మాట మళ్ళీ వినపడలేదు. ప్రయోగశాల తాళాలను రూబెన్ చేతిలో పెట్టి, సౌదామిని తన సామాను ఒక్క పెట్టెలో సర్దుకుంది. రూబెన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "గీతలు సరిగ్గా గియ్యి, చాలు," అని కసిరింది.

*

మరుసటి వేసవికి ఆమె నువ్వులవలసలోనే ఒక గది అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు రక్తం చుక్కను పరీక్ష పట్టీమీద వేసి రంగు చదవడం నేర్పుతున్నది. మొదట్లో ఢిల్లేశ్వరి ఆ పట్టీ ముట్టుకోలేదు; గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయేది. తర్వాత ఒక రోజు వచ్చి కూర్చుంది. ఆమెకు నేర్పినదాన్ని మళ్ళీ అడిగి సరిచూడవలసిన అవసరం సౌదామినికి రాలేదు.

ఆ మధ్యాహ్నం పొరుగూరినుంచి నడిచి వచ్చేసరికి సౌదామిని నాలుక పిడచకట్టుకుపోయింది. ఢిల్లేశ్వరి ఇంటి అరుగుమీద కూలబడి, చెంగుతో విసురుకుంటూ, "ఒక గ్లాసు తరవాణి పొయ్యవే తల్లీ, ప్రాణం పోతోంది," అంది.

ఢిల్లేశ్వరి గ్లాసు తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

"అమ్మా, ఏటనుకోకండి. మీరు బీపీకి బిళ్ళ ఏటి మింగుతన్నారు?"

దాహంలో మరిచిపోయినది అప్పుడే గుర్తొచ్చి, సౌదామిని చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చింది. ఢిల్లేశ్వరి దాన్ని వెలుతురుకు పట్టి, వెనక రాసినది పెదవులు కదుపుతూ చదివింది. గ్లాసును లోపల పెట్టేసి వచ్చింది.

"మీకు ఇవ్వనమ్మా."

అరుగుకు అవతల మజ్జిగ చిలుకుతున్న సుందరమ్మ కవ్వం ఆపింది. "ఒలే, ఎవులికి నేదంటన్నావో తెలుత్తందా? అది పుట్టించినావిడే!"

"పుట్టించినావిడైతే మాత్రం, బిళ్ళ మారిపోద్దేటి?" ఢిల్లేశ్వరి అరుగుమీద సౌదామిని పక్కనే కూర్చుంది. "ఇందులో నీరు తీసే మందు కలిసుందమ్మా. అది ఒంట్లో ఉప్పుని తోడీసుద్ది. ఉప్పు పోనాక, ఎక్కువైపోయిన బైకార్బనేటు వొంట్లోంచి బయటికెల్లనేదు. ముందు మూతి సుట్టూ తిమ్మిరెక్కుద్ది. తరవాత సేతులు కొంకర్లు పోతాయి. ఊపిరి తగ్గిపోద్ది. ఆ తరవాత గుండె..." ఆమె ఆగింది. మిగిలినది కూడా చెప్పింది. ఏ మాటా వదలలేదు. "అందుకని మీకు వొద్దు. అర్తమైనాదా?"

ఆ సంగతులన్నీ ప్రపంచంలో అందరికంటే ముందు తెలిసిన మనిషి, చివరిదాకా తలవంచుకుని విన్నది.

"అర్థమైంది," అంది.

సుందరమ్మ చెంబునిండా మజ్జిగ ముంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.